సంచి పట్టిన అల్లుడికి కొన్ని చిట్కాలు

అల్లుడా, పాస్టరేట్ కమిటీలోకి వచ్చినావు, ట్రెజరరువి కూడా అయినావు, సంతోషం. ఎన్నికలకు వారం ముందు ఎన్ని ఇండ్ల బకాయి చందా ఎవరు కట్టి ఓటుహక్కు తెప్పించినారో నీకు తెలుసు, నాకు తెలుసు. పైనున్నాయనకు కూడా తెలుసు గానీ ఆయన జనరల్ బాడీకి రాడు. ఆ ముచ్చట వదిలెయ్. సంఘంలో ఇచ్చే గుణం పెంచేది ఎట్లా మామా అని అడిగినావు గాబట్టి చెప్తాండా. నోటుబుక్కులో రాసుకో. రాసుకున్నాక ఆ నోటుబుక్కు ఎవరికీ చూపించొద్దు.

మొదలు ఫ్యాన్ల సంగతి. ట్రెజరరుగా కొత్తగా వచ్చినోడు ఎవడైనా ఏం చేస్తాడు? పాస్టరయ్య జీతం ఎన్ని నెలలు బాకీ ఉంది, సంఘంలో పింఛనీ మీద బతికే ముసలోళ్లు ఎంతమంది, ఫీజు కట్టలేక బడి మానిన పిల్లోల్లు ఎవరు అని లెక్క తీస్తాడు. నువ్వు ఆ పొరపాటు చేయొద్దు. గుడిలో నిలబడి తలెత్తి ఫ్యాన్లు లెక్కపెట్టు. ఒక్కో ఫ్యానుకు మూడు రెక్కలు. ఒక్కో రెక్క మీద ఒక్కో కుటుంబం పేరు ఎర్ర పెయింటుతో రాయించొచ్చు. తిరిగేటప్పుడు కనపడవు కదా అంటావేమో. మన కర్నూల్లో మే నెల ఆదివారం ప్రసంగం సగంలో ఉండగా కరెంటు పోతాది. రెక్కలు మెల్లగా నిలబడతాయి. జనం చెమటలు తుడుచుకుంటా పైకి చూస్తారు, దాతల పేర్లు నిదానంగా చదువుకుంటారు. ప్రసంగం ఎవరికీ గుర్తుండదు. పేర్లు గుర్తుంటాయి.

కరెంటు పోయేదాకా ఆగలేని దాతలకు బండ చెక్కించు. బేతంచెర్ల ఉంది, ఎర్రగుంట్ల ఉంది, మనకు నాపరాళ్లకు కరువా? దేవుడు ఈ సీమకు వాన తక్కువిచ్చి రాయి ఎక్కువిచ్చినాడంటే పేర్లు రాసుకోమనే కదా. కర్నూల్లో కోల్స్ స్కూలు, జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి చూడు. ఆ తెల్లోళ్లు పోయి ఎన్ని తరాలైనా పేర్లు ఇంకా జనం నోట్లో నలగతాండాయి. వాళ్లు ఊరంతటికీ పనికొచ్చే బడి, ఆసుపత్రి ఇచ్చినారు, మీరిచ్చింది ట్యూబులైటు కదా అని ఎవడైనా ఎత్తిపొడిస్తే, ఎంత అని చూడొద్దు, మనసు చూడమని రెండు కాసులేసిన విధవరాలి కథ చెప్పి నోరు మూయించు.

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్న వేలమందికి అన్నం పెట్టినాడు. ఆయన మన సంఘమోడు కాదు గానీ ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. విక్టోరియా రాణి బంగారు పతకం పంపించింది, జనం పాట కట్టి పాడుకున్నారు. దీన్ని బట్టి నాకు తెలిసింది ఏందంటే, పతకం వచ్చేటట్టుంటే అన్నం పెట్టడంలో తప్పులేదు. ఆయన తన గింజలు తీసి పెట్టినాడు, మనం సంఘం గింజలు పెట్టి మన పేరు రాసుకుంటాం. అంతమాత్రం తేడా ఎవరూ పట్టించుకోరు.

కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు అని కొండమీది ప్రసంగంలో ఉంది కదా అని స్త్రీల సమాజంలో ఎవరో ఒకామె అడుగుతాది. అడగనీ. ఎడమచేతికి తెలియకూడదన్నాడు గానీ మైకుకు తెలియకూడదని యాడా అనలేదు.

ఆ మైకు దగ్గరికే వస్తాం. ఆదివారం ప్రకటనల్లో కానుకల జాబితా పెద్ద మొత్తంతో మొదలుపెట్టి కిందికి దిగు. ఐదువేలిచ్చినాయన పేరు ఆయన ఉద్యోగంతో, డిగ్రీతో సహా చదువు. ఐదువందల దగ్గరికి వచ్చేసరికి వేగం పెంచు. యాభై రూపాయలోళ్లను "మరికొందరు" అని ఒక్క మాటలో దాటెయ్. వాళ్లకు సిగ్గయితే వచ్చే వారం నూరు ఇస్తారు. సిగ్గుతో వచ్చిన నూరుకూ సంతోషంతో వచ్చిన నూరుకూ బ్యాంకులో ఒకటే విలువ. పౌలు భక్తుడు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో బలవంతంగా, ఏడ్చుకుంటా ఇవ్వొద్దన్నాడు గానీ ఆయనకు గుడికి ప్రహరీ కట్టే పని తగల్లేదు.

విధవరాలి రెండు కాసుల కథ ఏడాదికి ఒకసారైనా చెప్పించు. ప్రభువే కానుకల పెట్టె ఎదురుగా కూర్చుని ఎవరెంత వేస్తాండారో చూసినాడు గాబట్టి మనమూ కూర్చుని చూడొచ్చు అని దాంతో రుజువైపోతాది. ఒక్క జాగ్రత్త. మార్కు పన్నెండో అధ్యాయంలో ఆ కథ 41వ వచనంలో మొదలైతాది. దానికి సరిగ్గా ముందర, పొడుగు అంగీలేసుకొని, ముందు వరస కుర్చీల్లో కూర్చొని, విధవరాండ్ర ఇండ్లు మింగేవాళ్ల గురించి ఆయన గట్టిగా తిట్టినాడు. ఆ రెండూ కలిపి చదివితే, ఆమె దగ్గర కడాకి రెండు కాసులే ఎందుకు మిగిలినాయి, అవి కూడా తీసుకున్న ఆ గుడి ఆమెకు తిరిగి ఏమిచ్చింది అనే ఆలోచన జనానికి వస్తాది. పాఠం చదివే పిల్లోడికి 41 నుంచే చదవమని గీత గీసి ఇయ్యి.

మలాకీ కూడా అంతే. మూడో అధ్యాయం ఎనిమిది నుంచి పది దాకా బంగారం లాంటి వచనాలు. దశమభాగం ఎగ్గొట్టినోడు దేవుడి దగ్గర దొంగిలించినట్టు, తెచ్చి పెడితే ఆకాశం తలుపులు తెరుచుకున్నట్టు. కానీ ఐదో వచనం కంటబడనీయొద్దు. కూలోని కూలి ఎగ్గొట్టేటోడి మీద, విధవరాలినీ తండ్రిలేని పిల్లలనూ బాధపెట్టేటోడి మీద, పరదేశిని తోసేసేటోడి మీద దేవుడే సాక్షిగా వస్తానంటాడు అక్కడ. మన సంఘంలో పెద్ద కవరిచ్చే పెద్దమనిషికి శెనక్కాయ పీకడానికి వచ్చిన ఆడకూలోళ్లు ఇంకా డబ్బులు రాలేదని తిరగతాండారు. ఐదు చదివి పది చదివితే ఆయన వచ్చే నెల వేరే సంఘానికి పోతాడు. అందుకే ఎనిమిదితో మొదలుపెట్టమంటాండా.

ఆకాశం తలుపుల మాట మన సీమలో జాగ్రత్తగా వాడాల. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, అదీ రాకుంటే దిక్కులేదు. కానుకలిస్తే వాన వస్తాదని చెప్పించినావనుకో, జనం కిటికీలోంచి ఆకాశం చూస్తారు. వాన వస్తే కానుక పనిచేసింది. రాకపోతే ఇచ్చినోడి విశ్వాసం చాలలేదు. ఈ లెక్కలో సంఘానికి నష్టం ఏ పక్కా లేదు. మరీ ఎక్కువొస్తే? 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు వీధుల్లోకే వచ్చింది, జనం మిద్దెలెక్కి కూర్చున్నారు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పక్క పల్లెలు తుడిచిపెట్టుకుపోయినాయి. ఆ రెండుసార్లూ ఎవరూ చెప్పకుండానే జనం అన్నం పొట్లాలు కట్టినారు, దుప్పట్లు, చీరలు, బియ్యం మూటలు మోసుకొని పోయినారు. రసీదు లేదు, జాబితా లేదు. ఆ దుప్పట్లలో ఒక్కదాని మీదన్నా దాత పేరు లేదు. ఎంత నష్టమో చూడు. అప్పుడు నీలాంటి ట్రెజరరు ఒకడుండింటే కనీసం బ్యానరన్నా కట్టించుండేటోడు.

దశమభాగం ఎట్లా వసూలు చేయాలంటే, ఉద్యోగస్తుడి దగ్గర ఒక లెక్క, రైతు దగ్గర ఒక లెక్క, కూలోళ్ల దగ్గర ఇంకో లెక్క. ఉద్యోగస్తుడు పీఎఫ్ తీసేసి, ఇంటి లోను తీసేసి, కారు లోను తీసేసి, పిల్లోని కోచింగు ఫీజు తీసేసి మిగిలిన దాంట్లో పదోవంతు అంటాడు. ఒప్పుకో. ఆయన ఆఫీసరు. ఆయనింటి పెండ్లి పత్రిక మీద నీ పేరుంటాది. రైతుతో వాదనకు దిగొద్దు. పత్తికొండ పక్క నాకు తెలిసినాయన ఒకసారి నన్నే అడిగినాడు: లక్ష పెట్టుబడి పెట్టినా, పంట అరవై వేలకు పోయింది, నలభై వేలు అప్పు మిగిలింది, లాభంలో పదోవంతు సంఘానిదైతే అప్పులో పదోవంతు కూడా సంఘానిదే కదన్నా అని. ఇట్లాంటి వాళ్లకు ఒక్కటే జవాబు: "ప్రార్థన చేద్దామప్పా." కండ్లు మూసుకున్నాక మనిషి ప్రశ్నలు అడగలేడు.

కూలోళ్లతో ఏ ఇబ్బందీ లేదు. ఇస్తారు. నాలుగువందలు కూలి వస్తే నలభై పక్కన పెట్టి కొంగుకు కట్టుకొని వస్తారు. ఏ మినహాయింపులూ అడగరు. సంఘంలో అందరికంటే కచ్చితంగా దశమభాగమిచ్చేది వాళ్లే గాబట్టి వాళ్లను కమిటీలోకి రానీయొద్దు. లెక్క తెలిసినోళ్లు కమిటీలో ఉంటే కష్టం.

ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం చివర ఒక మాటుంది. మూడేండ్లకొకసారి ఆ ఏటి దశమభాగమంతా ఊళ్లోనే పెట్టి, పొలం లేని లేవీయుడూ, పరదేశీ, తండ్రిలేని పిల్లలూ, విధవరాండ్రూ వచ్చి కడుపునిండా తినిపోవాల అని. నేను కమిటీలో ఇంతకాలముండి ఆ వచనం మీద ప్రసంగం వినలేదు. నువ్వూ వినకు.

ఇప్పుడు సుగ్గి గురించి బాగా విను, ఇదే అసలు కిటుకు. కోసిగి, ఆలూరు, పత్తికొండ, మంత్రాలయం పక్క పల్లెల్లో పంట పోయిన ఏడు జనం ఇండ్లకు తాళాలేసి, పిల్లాజెల్లాతో గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోతారు. ఊళ్లో ముసలోళ్లు మిగలతారు. గుడిలో సగం బెంచీలు ఖాళీ. తెలివితక్కువోడైతే ఏం చేస్తాడు? వాళ్లు పోయే ముందర దారి ఖర్చులకు సంఘం నుంచి ఏమన్నా ఇస్తాడు, మిగిలిన ముసలోళ్లకు బియ్యం చూస్తాడు, గుంటూరు పక్క సంఘాలోళ్లకు ఫోన్ చేసి మావోళ్లు వస్తాండారు, ఆదివారం గుడిలో చోటియ్యండి అంటాడు. నువ్వు అట్లా చేయొద్దు. జనరల్ బాడీ మీటింగు సరిగ్గా ఆ నెలల్లో పెట్టు. ఆదాయ వ్యయాల పట్టిక చదివేటప్పుడు వినేటోళ్లు తక్కువుంటే ఆమోదం తొందరగా వస్తాది.

వాళ్లు లేని నెలల చందా రిజిస్టర్లో బకాయిగా రాసుకుంటా పో. అడగొద్దు, రాసుకో చాలు. ఆ బకాయి పెండ్లి ప్రకటన చదవమని వచ్చినరోజు పనికొస్తాది, అంతకంటే ఎక్కువ సమాధుల తోటలో చోటడిగిన రోజు పనికొస్తాది. శవం ఇంటి ముందర ఉన్నప్పుడు ఎవరూ బేరమాడరు. అప్పు తెచ్చైనా కడతారు. ఇట్లా వచ్చినదాన్ని రసీదులో "కృతజ్ఞత కానుక" అని రాయి. చూసేదానికి బాగుంటాది. ఒకసారి ఒక పెద్దామె పక్కింటామె తరఫున నా ముఖం మీదనే అనింది: "బతికినన్నాళ్లూ ఇచ్చిందానికి లెక్క లేదు, చచ్చినాక ఇయ్యాల్సిందానికి లెక్క రాసినారే" అని. ఆమెను మరుసటి ఏడు స్త్రీల సమాజం కార్యదర్శిని కానీయలేదు. అట్లాంటి నోరు లెక్కలకు మంచిది కాదు.

కొంతమంది ముసలోళ్లు పిడికెడు బియ్యం మళ్లా మొదలుపెడదాం అంటారు. వాళ్లకు ఎట్లా జవాబివ్వాలో చెప్తా. వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే తమిళాయన 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది డోర్నకల్ బిషప్ అయినాడు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. మన నంద్యాల పక్క సంఘాలు కూడా తర్వాత ఆయన కిందికే వచ్చినాయి. ఆయన కాలంలో సంఘాల్లో ఎక్కువమంది సెంటు భూమి లేని మాల, మాదిగ కూలోళ్లు. వాళ్ల దగ్గర ఏముందని అడగాల? ఆయన అడిగినాడు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు గింజలు తీసి పక్క కుండలో వేయమన్నాడు. ఆదివారం ఆ కుండ గుడికి వస్తాది. కోతపండగకు కోడి, గుమ్మడికాయ, జొన్నకంకులు వస్తాయి. పేదోడు ఎప్పుడూ చెయ్యి చాచేటోడే అని అనుకోవడం ఆయనకు నచ్చలేదు. ఇచ్చే చెయ్యి ఉన్న మనిషి ఎవరి ముందరా తల దించడు అనేది ఆయన లెక్క. క్రైస్తవులు ఇచ్చే పద్ధతి గురించి పుస్తకమే రాసినాడు.

చూసినావా ఇందులో ఉండే చిక్కు? పిడికెడు గింజల మీద పేరు రాయలేం. ఎవరి పిడికిలి ఎంతో కుండలో పడినాక తెలియదు. రెడ్డిగారింట్లో కూలికి పోయేటామె పిడికెడూ, హెడ్‌మాస్టరు గారి భార్య పిడికెడూ ఒక్కటే అయిపోతాయి. ఇదేం పద్ధతి? పైగా ఆ గింజలు గుడి నుంచి వండుకోలేనోళ్లింటికి నేరుగా పోతాయి, మన రిజిస్టరు గుండా రావు. కాబట్టి "కాలం మారింది, ఇప్పుడు ఫోన్‌పే ఉంది" అని చెప్పి క్యూఆర్ కోడ్ ఒకటి లామినేషన్ చేయించి పుల్పిటు కింద అంటించు. స్మార్ట్‌ఫోన్ లేని ముసలామెకు ఎట్లా అంటే, మనవడొచ్చినప్పుడు వేయిస్తాదిలే.

ఊరికే మన దగ్గర వసూలు చేయడమెందుకు, బయటిదేశం నుంచి తెద్దాం అని నాకూ ఒకకాలంలో ఉండె. పిల్లోల్ల ఫొటోలు తీసి పంపేదానికి నాకంటే బాగా తెలిసినోడు జిల్లాలో లేడు. ఫొటోలో చొక్కా చినిగి ఉండాల, నవ్వకూడదు. కానీ 2020లో చట్టం మారినాక విదేశీ విరాళం యాడ నుంచొచ్చినా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాల. రిజిస్ట్రేషను, లెక్కలు, రిటర్నులు. ఆ బాధ పడలేం. ఆ పిల్లోల్లు ఇప్పుడు నవ్వొచ్చు.

కోతపండగ వేలంపాట మాత్రం మానొద్దు. దానికంటే మంచి ఆట లేదు. ఒక పెద్దామె ఇంట్లో ఉన్న ఒకే పెట్టను తెచ్చి బలిపీఠం ముందర పెడతాది. ప్రార్థన అయినాక వేలం మొదలు. నువ్వు చేయాల్సిందల్లా మాటల్లేని ఇద్దరు బావమరదులను ఎదురెదురు బెంచీల్లో కూర్చోబెట్టడం. మూడొందల కోడి పాట ఎనిమిది వేలకు పోతాది. చప్పట్లు. గెలిచినోని పేరు మైకులో మూడుసార్లు. తెచ్చినామె పేరు ఎవరడిగినారు? ఆమెకు కోడి పోయింది, మనకు ఎనిమిది వేలు వచ్చింది.

వచ్చింది అంటే రాలేదులే. పాడినోడు కట్టాలని రూలేమీ లేదు. మూడేండ్ల కింద పాడిన గుమ్మడికాయ డబ్బు ఇంకా రావాల. అడగొద్దు, పెద్దోళ్లు. రిజిస్టర్లో మాత్రం ఎనిమిది వేలు ఆదాయం కింద చూపించు, అంకె నిండుగా కనపడతాది. అపొస్తలుల కార్యాల ఐదో అధ్యాయంలో అననీయ, సప్పీరా అని మొగుడూపెండ్లాలు ఉండారు, ఇస్తామని చెప్పినదాంట్లో కొంత దాచుకొని పేతురు పాదాల దగ్గర పడి చచ్చినోళ్లు. ఆ అధ్యాయం ఆ నెలంతా చదవనీయొద్దని పాస్టరయ్యకు ముందే చెప్పిపెట్టు. మన గుడిలో అట్లా జరిగితే మోసేదానికి కుర్రోళ్లు చాలరు.

ఇక లెక్కలు. యెరూషలేములో పేదలకని మాసిదోనియా, అకయ పక్క వసూలైన డబ్బును పౌలు ఒక్కడే మోసుకొని పోలేదు. తీతుతో పాటు సంఘాలు నమ్మిన మనుషులను పంపినాడు, ఇంత డబ్బు విషయంలో ఎవరూ తప్పుపట్టకూడదని. అంతదూరం నడుచుకొని పోయే కాలంలోనే ఇంత జాగ్రత్తా అని ఎవరైనా ఆశ్చర్యపోతే, పౌలుకు ఎవరి మీదా నమ్మకం లేదని చెప్పు. శిష్యుల్లో సంచి పట్టినోడు ఒకడే. వాని మీద మిగతా పదకొండుమందికీ నమ్మకముండె, ఎవరూ లెక్కడగలేదు. నీకూ అంత నమ్మకం రావాల. ఆ సంచి పట్టినోని దగ్గర ఇంకొకటి కూడా నేర్చుకోవచ్చు. ఎవరన్నా ఖరీదైన అత్తరు పోస్తే, ఎవరన్నా మనసుపడి ఏదన్నా చేస్తే, వెంటనే "ఇది అమ్మి పేదలకియ్యొచ్చు కదా" అను. ఆ మాట మొదట ఎవరన్నారో సండే స్కూలు పిల్లోల్లకు తప్ప ఎవరికీ గుర్తుండదు.

మిషనోళ్ల కాలపు కాంపౌండు స్థలం, రోడ్డు పక్క అంగళ్ల బాడుగ సంగతులు ఇక్కడ రాయను, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. మా ఇంట్లో కాదు, అంగడి వెనక.

యువజన సమాజం పిల్లోల్లు ఈసారి ఆడిటరు కావాలంటాండారు. నెలనెలా పట్టిక గుడి వాకిట్లో అతికించాలంట, పదిశాతం ఊళ్లో పేదలకని విడిగా తీయాలంట, అందులో మన సంఘం కానోళ్లు కూడా ఉండాలంట. వాళ్లలో ఒకడు సీఏ ఇంటరు పాసైనాడు, ఉచితంగా చూసిపెడతానంటాండాడు. ఉచితంగా చేసేటోడు ప్రమాదం. వాళ్లకు ఒక క్రికెట్ కిట్టు కొనిపెట్టు, మంచిదే కొను, ప్యాడ్లు గ్లవుజులతో సహా. బ్యాటు మీద నా పేరు రాయించు. బిల్లు "ఇతరములు" కింద వెయ్యి.